పై గీత వానిది

చీమలు. అన్నిటికంటే ముందు ఆ చీమలే గుర్తొస్తున్నాయి. వికారాబాద్ ఠాణాలో హెడ్ కానిస్టేబుల్ మునీర్ గారు బల్ల మీద పాత పేపరు పరిచి, దాని మీద నా తమ్ముడి లాప్‌టాప్ పెట్టి మూత ఎత్తగానే, మీటల సందుల్లోంచి ఎర్ర చీమలు బారుగా బయటికొచ్చాయి, ఎటు పోవాలో తెలియక పేపరంతా తిరిగాయి. ఆయన "ఛీ ఛీ" అంటూ చేత్తో దులపబోయి, నా ముఖం చూసి చెయ్యి ఆపేశాడు. "గిది మీ తమ్మునిదేనా మేడం? జర మంచిగ చూసి చెప్పుండ్రి" అన్నాడు. చూడటానికేముంది? మూత మీద సగం ఊడిన నెమలి బొమ్మ ఉంది. అమ్మ పనిచేసే తాండూరు పప్పు మిల్లు సంచుల మీద ఉండే నెమలి. అమ్మ చేత తెప్పించుకుని మరీ అంటించుకున్నాడు రిత్విక్. లోకంలో ఇంకెవడు అంటించుకుంటాడు లాప్‌టాప్‌కి కందిపప్పు నెమలిని? అనంతగిరి లోయలో రాళ్ల సందున మేకలు కాసే ఆయనకి దొరికిందట, బ్యాగుతో సహా, వానలకి నాని, బ్యాటరీ ఉబ్బి. "ఇంకేం దొరకలే మేడం, గీ బ్యాగొక్కటే. మనిషి దొరకందే ఏం అనరాదు. ఫికర్ చేయకుండ్రి" అన్నాడు. ఫికర్ చేయకు. అనడానికేం, నోటికి నొప్పా? మంచివాడే పాపం, టీ కూడా తెప్పించాడు, నేనే తాగలేదు. నడుచుకుంటూ స్టేషన్‌కొచ్చి, తాండూరు బండెక్కి, కిటికీ పక్కన కూర్చున్నాను. బండేమో కదలదు.

ముందు ఏదో గూడ్సు ఉందట, సిమెంటుదో నాపరాయిదో, అది పోతే గానీ మనకి సిగ్నల్ రాదట. ప్లాట్‌ఫాం మీద సీతాఫలాల గంపలు, పండిన వాసన రైలు డబ్బా నిండా ఉంది. చేతిలో ఫోనుంటే వేళ్లు ఊరుకోవు కదా, వాటంతటవే నల్ల తెర తెరిచి తాండూరులో మా ఇంట్లోకి దారి తీశాయి. ఇంట్లోకంటే, ముందు గదిలో కుట్టుమిషన్ బల్ల మీదున్న పాత కంప్యూటర్‌లోకి. మేం చదువుకునే రోజుల్లో ఇద్దరికీ అదొక్కటే దిక్కు. లాగిన్ కూడా ఒకటే, దానికి ఎవరి పేరు పెట్టాలని కొట్టుకుని కొట్టుకుని చివరికి అమ్మ పేరు పెట్టాం, చంద్రవ్వ అని. ఊళ్లో లేకపోయినా బయట నుంచి అందులోకి వెళ్లి పని చేసుకునేలా ఏర్పాటు చేసింది రిత్విక్. ఎవరు లోపలికొస్తే ఇంట్లో తెర మీద వాళ్లదొక వరస పడుతుంది, వెళ్లిపోతే చెరిగిపోతుంది. అమ్మకి చదువు రాదు. ఇంగ్లీషులో తన పేరు ఎలా ఉంటుందో బొమ్మలాగా గుర్తుపెట్టుకుంది, వరసని గీత అంటుంది. పై గీత వానిది, కింది గీత నీది, అంటుంది. ఇప్పుడు నేను వెళ్లాను కాబట్టి కింద ఒక గీత పడి ఉంటుంది. పైది ఉంది. ఇంకా ఉంది! వాడి లాప్‌టాప్ ఠాణాలో చీమలు కక్కుతోంది, ఇక్కడ వాడి గీత మాత్రం వాడు అప్పుడే టీ తాగడానికి లేచి వెళ్లినట్టు ఉంది. వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం లోపలికొచ్చాడు, ఇప్పుడు కందిచేలు పూతకొచ్చాయి, ఇంకా బయటికి వెళ్లలేదు.

అనుకుంటూనే ఉన్నాను, ఫోన్ మోగింది. అమ్మే. "బండెక్కినవా బిడ్డా? కింది గీత పడ్డది, గందుకే చేసిన." ఎక్కానన్నాను. "పై గీత గట్లనే ఉన్నది చూడు. ఇంక పనిల్నే ఉన్నడు. మన ఇద్దరికే వండిన, వానికి ఎసరు పెట్టలే. గీత పోయినంక పెడ్త." సరేనమ్మా అన్నాను. నేను ఇవాళ డ్యూటీకి వెళ్లాననే అనుకుంటోంది, వికారాబాద్ కాలేజీలో సర్వర్ల గదిలో కూర్చుని ఉన్నాననుకుంటోంది. ఠాణా మాట చెప్పలేదు. ఎలా చెప్పను? ఎసరు సంగతి ఒక్కటి తీసుకుంటే చాలు, అమ్మ ఎక్కడుందో తెలుస్తుంది. రిత్విక్ హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ రోజూ తాండూరు నుంచే వెళ్లొచ్చేవాడు. తిరుగు బండిలో కూడా లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఏదో కొడుతూనే ఉండేవాడు. రుక్మాపూర్ దాటగానే మూసేసి బ్యాగులో పెట్టేవాడు, ఇంట్లో వాడి గీత చెరిగిపోయేది. అది చూసి అమ్మ వాడికి బియ్యం కడిగేది. వాడు దిగి, స్టేషన్ నుంచి నడిచి, చెప్పులు విడిచేసరికి అన్నం పొగలు కక్కుతూ ఉండేది. చల్లారిన అన్నం వాడికి గొంతు దిగదు, మహారాజు. వాడు ఇంటికి రాని ఆ రోజు గీత చెరగలేదు, అమ్మ ఎసరు పెట్టలేదు. మర్నాడూ చెరగలేదు. అందరూ ఠాణాకి పోదాం, పేపర్లో వేయిద్దాం అని ఇల్లంతా గోల చేస్తుంటే, అమ్మ ఆ తెర ముందు కూర్చుని, "గీత ఉన్నదంటె లైన్ల ఉన్నడనే గద? యాడనో కూసోని పని చేస్కుంటున్నడు" అంది. అప్పట్నుంచి అదే మాట. మిల్లు నుంచి వచ్చి, కనుబొమల మీద పప్పు దుమ్ము కడుక్కోకముందే తెర చూస్తుంది. కరెంటు పోయినా ఆగకుండా ఆటో బ్యాటరీ తగిలించి పెట్టించింది. ఆ బల్ల దగ్గర చీపురు కూడా తగలనివ్వదు.

గీత ఉంటే మనిషి ఉన్నట్టా? కాదు, అది నాకు మొదటి రోజే తెలుసు. నా ఉద్యోగమే అది కదా. అవతలి మనిషి పద్ధతిగా సెలవు తీసుకుని పోతే ఇవతలి యంత్రానికి తెలుస్తుంది, వైరు తెగినట్టు మాయమైపోతే తెలియదు. అందుకే ఏ యంత్రమైనా అప్పుడప్పుడూ అవతలికి ఒక చిన్న కబురు పంపి, ఉన్నావా అని అడుగుతుంది. జవాబు రాకపోతే గీత చెరిపేస్తుంది. మా యంత్రం అడగదు. అడగవద్దని వాడే దాని నోరు కట్టేశాడు. ఎందుకంటే ఈ లైను మీద, ఇదిగో ఈ వికారాబాద్ దాటి అనంతగిరి అడవి పక్కకి రాగానే ఫోన్ సిగ్నల్ చచ్చిపోతుంది. యంత్రం ఉన్నావా అంటుంది, అడవిలో వాడికి వినపడదు, లేడనుకుని తలుపేసేస్తుంది, ధారూర్ దగ్గర సిగ్నల్ వచ్చేసరికి చేసిన పనంతా గంగపాలు. నాలుగుసార్లు అలా అయ్యేసరికి ఒళ్లు మండి, "అడుగుడే బంద్ పెట్టిన అక్కా. ఉన్ననా ఉన్ననా అని దానికెందుకు? నేనే వస్త గద" అన్నాడు. నవ్వాను కూడా నేను. భలే పని చేశావురా అన్నాను. తాండూరు బండిలో లాప్‌టాప్ తెరిచే పిల్లలకి తప్ప ఇంకెవరికీ రాని తెలివి అది.

బండి కుదిపింది, కదిలినట్టే కదిలి మళ్లీ ఆగింది. ఎదురుగా కూర్చున్న పెద్దమ్మ సీతాఫలాల సంచీ కాళ్ల మధ్యకి లాక్కుంది. బషీరాబాద్ పోతుందట, ఫోన్‌లో ఎవరితోనో సగం కన్నడం సగం తెలుగు మాట్లాడుతోంది. నేను వాడి గీత వెనకున్న ప్రాసెస్‌ని చూస్తున్నాను. నడుస్తున్న ప్రతి పనినీ మా వాళ్లు ప్రాసెస్ అంటారు, ప్రతి ప్రాసెస్‌కీ కొన్ని హద్దులుంటాయి, ఎంత పెద్ద ఫైలు రాయొచ్చు, ఎన్ని ఫైళ్లు తెరవొచ్చు, ఎన్ని కొత్త పనుల్ని పుట్టించవచ్చు అని. అది నడుస్తుండగానే వాటిని చూడొచ్చు, వరసగా రాసి ఉంటాయి. ఒక్కో హద్దుకి రెండు గడులు. మొదటిది సాఫ్ట్, రెండోది హార్డ్. సాఫ్ట్ హద్దు అమ్మ మాటలాంటిది, అవసరమొస్తే జరుపుకోవచ్చు, హార్డ్ దాకా. హార్డ్‌ని తగ్గించుకోవచ్చు గానీ తగ్గించుకున్నాక ఆ పని తనంతట తాను మళ్లీ పెంచుకోలేదు. చచ్చినా పెంచుకోలేదు. మాకు ఇదొక ఆట. ఒకే లాగిన్ కాబట్టి ఒకరి పనుల హద్దులు ఇంకొకరు మార్చొచ్చు. వాడు ముందు గదిలో కూర్చుని ఏదో గొప్పగా రాసుకుంటుంటే నేను వంటింట్లోంచి వాడి ఫైలు హద్దు సున్నా చేసేసేదాన్ని, సేవ్ కాదు. "అక్కా! నీ అయ్య!" అని వాడి అరుపు. "నా అయ్య నీకూ అయ్యేరా" అని నేను. వాడు సాఫ్ట్ గడి పెంచుకుని, కక్ష కట్టి, నా కాలేజీ రికార్డు దగ్గర చేసేవాడు అదే పని. ఒకసారి తొందరలో ఒక గుర్తు మర్చిపోయాడు. ఆజ్ఞలో ఆ ఒక్క గుర్తు మరిస్తే సాఫ్ట్‌తో పాటు హార్డ్ కూడా పడిపోతుంది. బయట నుంచి దాన్ని విప్పడం అప్పట్లో మాకు తెలియదు, సాయంత్రమంతా నేను రాసింది మొత్తం పోయింది. వాడు ఏడ్చాడు. తప్పు వాడిది, ఏడుపూ వాడిదే, నేనే ఓదార్చాల్సి వచ్చింది. ఆ రోజే రూలు పెట్టాడు. "సాఫ్ట్ ఒక్కటే ముట్టాలె. హార్డ్ జోలికి పోవద్దు. ఒట్టు." అమ్మ మీద ఒట్టు వేయించాడు, వేశాడు.

అందుకే వాడు కనపడకుండా పోయిన వారంలో నేను ఒక పని చేశాను. వాడి గీత వెనకున్న ప్రాసెస్‌కి ఫైలు హద్దు సున్నా చేశాను. సాఫ్ట్ మాత్రమే. అది చేస్తే అవతలికి ఏ కబురూ పోదు, గీతకి ఏమీ కాదు, ఇంట్లోనే జరిగే పని. వాడు అవతల ఉంటే, ఏదో ఒక రోజు ఏదో రాయబోతాడు, సేవ్ కాదు, "అక్కా!" అంటాడు, ఎక్కడున్నా సరే అంటాడు, సాఫ్ట్ గడిని మళ్లీ పెంచుకుంటాడు. నేను చూస్తాను. ఉన్నాడని తెలుస్తుంది. పిచ్చిదాన్నే, ఒప్పుకుంటున్నాను, కానీ అంతకంటే మంచి ఉపాయం ఏది? పొద్దున లేవగానే ఆ ఒక్క వరస తీసి చూస్తాను. మొత్తం పట్టిక చూడను, ఫోన్ తెర మీద పట్టదు, చూసేది ఆ ఒక్క వరసే. సున్నా. భోజనం దగ్గర, సున్నా. సర్వర్ల గదిలో ఏసీ చల్లటి గాలికి వణుకుతూ, సున్నా. ఇవాళ ఠాణాకి పోయే దారిలో కూడా చూశాను. ఇప్పుడూ సున్నాయే. మరి ఇంకేమవుతుంది? పెంచాల్సిన చెయ్యి దేని మీద ఉండాలో దాన్ని చూసే వచ్చాను కదా, ఉబ్బిపోయి, చీమలు పట్టి. ఇన్ని నెలలూ ఆ గీత పట్టుకుని వేలాడింది అమ్మ ఒక్కతే అనుకున్నాను.

బండి కదిలింది. ఈసారి నిజంగానే. ఆటోస్టాండ్ వెనక్కి పోతోంది, ఆ ఆటోస్టాండ్ మీద నాకు కోపం, అక్కడి ఆటో అతను చెప్పేదాకా నాకేమీ తెలియలేదు. వాడి ఉద్యోగం ఎండల్లోనే పోయిందట, ఆఫీసు వాళ్లు వాడు కనపడకుండా పోయాక చెప్పారు. ఉద్యోగం పోయినా వాడు రోజూ పొద్దున నాతోపాటే బండెక్కాడు. టిఫిన్ డబ్బాతో, మెడలో ఆఫీసు కార్డుతో. నేను వికారాబాద్‌లో దిగితే కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు, హైదరాబాద్ పోయేవాడిలాగా. నేను గేటు దాటగానే అవతలి వైపు నుంచి దిగి, ఆటో ఎక్కి అనంతగిరి గుట్టకి పోయేవాడట. "గా తమ్ముడా? రోజు నా ఆటోల్నే వస్తుండె. గుడి దిక్కు పోడు, లోయ దిక్కు కూసుంటడు. మంచిగ మాట్లాడతడు" అన్నాడతను. మంచిగా మాట్లాడతాడట! నాతో మాట్లాడలేదేం? ఒకే ఊళ్లో, నేను కాలేజీలో, వాడు గుట్ట మీద, ఇద్దరం అమ్మ కట్టిన ఒకే కూర తిన్నాం ఆ మధ్యాహ్నాలన్నీ. సాయంత్రం అదే బండి, రుక్మాపూర్ దాటగానే మూత మూయడం, అమ్మ ఎసరు, వేడన్నం. "ఎట్లున్నదిరా ఆఫీసు?" అంటే "నడుస్తుంది" అనేవాడు. నడుస్తుంది! నీ నడక మీద మన్ను పొయ్య. నవ్వు తగ్గింది, చూశాను. చెంపలు పీక్కుపోయాయి, చూశాను. అడగలేదు. పని ఎక్కువనుకున్నాను, వాడే చెప్తాడు కదా అనుకున్నాను. నేనే వస్త గద, అన్నాడు కదా. మా ఇంట్లో యంత్రమూ అడగలేదు, మేమూ అడగలేదు. కళ్లు తుడుచుకుంటుంటే పెద్దమ్మ చూసింది. "ఏమైంది బిడ్డా?" "నలుసు పడ్డది పెద్దమ్మా." నమ్మలేదు. సంచీలోంచి ఒక సీతాఫలం తీసి నా ఒళ్లో పెట్టింది. "పండింది. ఇప్పుడే తిను, రేపటికి ఉండదు." తినలేదు. పట్టుకుని కూర్చున్నాను.

ఫోన్ అడ్డంగా తిప్పాను. ఎందుకు తిప్పానో నాకే తెలియదు. బహుశా ఇక రేపటి నుంచి చూడను కదా, ఇవాళ వాడివన్నీ చూద్దాం అనిపించిందేమో, చనిపోయిన వాళ్ల బట్టలు మడత విప్పి చూస్తారే, అలా. ఛ, ఏం మాట నా నోట! వాడి ప్రాసెస్ హద్దులు మొత్తం తీశాను. అక్షరాలు చీమలంత అయ్యాయి, వేలితో పెద్దవి చేసుకుని ఒక్కో వరసా చదివాను. ఎంత కాలం నడవొచ్చు, అన్‌లిమిటెడ్, అన్‌లిమిటెడ్. ఫైలు సైజు, సాఫ్ట్ సున్నా, అది నేను పెట్టింది, హార్డ్ అన్‌లిమిటెడ్, ఒట్టు తప్పలేదు నేను. జ్ఞాపకం ఎంత వాడొచ్చు, అన్‌లిమిటెడ్. ఏమిటో ఈ యంత్రం, మనిషికి లేని ఉదారం. ఇంకా కిందికి. ఎన్ని పనులు పుట్టించవచ్చు. సాఫ్ట్, సున్నా. హార్డ్, సున్నా. వేలు ఆగిపోయింది. మళ్లీ చదివాను, పక్క వరసది చూస్తున్నానేమో అని గోరు పెట్టి చదివాను. సున్నా, సున్నా. ఇది నేను పెట్టలేదు. నా గీతది తీసి చూశాను, దానికి వేలల్లో ఉంది, యంత్రం పుట్టుకతో అందరికీ ఇచ్చేది అంతే. వాడిది ఒక్కటే. వాడే పెట్టుకున్నాడు, లోపలి నుంచి, చివరి మధ్యాహ్నం, గుట్ట మీద కూర్చుని. ఇక ఈ గీతలో ఏ కొత్త పనీ పుట్టదు, పుట్టించాలన్నా పుట్టదు. మళ్లీ మనసు మారినా పెంచుకోవడానికి లేకుండా, రెండో గడిలో కూడా.

గుర్తు మర్చిపోయాడేమో. మర్చిపోతాడు, తొందరపాటు మనిషి, ఒకసారి మర్చిపోయాడు కదా. ఏదో పరీక్ష చేస్తున్నాడేమో, సాఫ్ట్ ఒక్కటే తగ్గిద్దామని రెండూ తగ్గించాడేమో. అవును, అలాగే అయ్యుంటుంది. అలాగే ఎందుకవుతుంది? మేం ఎప్పుడూ ఎదుటివాళ్లదే తగ్గించాం, ఎవడి హద్దు వాడు తగ్గించుకునే ఆట ఎక్కడైనా ఉందా? ఆ రోజు ఏడ్చిన మనిషి, అమ్మ మీద ఒట్టు వేయించిన మనిషి, హార్డ్ అంటే ఏమిటో తెలియకుండా ముట్టుకుంటాడా? తెలిసే ముట్టుకున్నాడు. చూసేదాన్ని నేనొక్కదాన్నే ఉంటానని కూడా తెలుసు. అక్క చూస్తుందిలే, ఎప్పుడో ఒకప్పుడు మొత్తం చూస్తుందిలే అనుకుని ఉంటాడు. నేనేమో ఇన్ని నెలలూ ఒక్క వరస చూస్తూ కూర్చున్నాను. ఒరేయ్. నోటితో చెప్పొద్దురా? వంటింట్లో గిన్నెలు తోముతుంటే వచ్చి, అక్కా, నా వల్ల కాదే అని ఒక్క మాట అనొద్దురా? నా చేతిలో సీతాఫలం చితికిపోయింది, వేళ్లంతా జిగురు.

అడగాలి. అదొక్కటే మిగిలింది. అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు, అందుకే ఇన్నాళ్లూ అడగలేదు. వాడి తెర మీద పడేలా నేను ఒక్క మాట రాస్తే, ఆ మాటని యంత్రం అవతలికి పంపాలి. అవతల ఎవరూ అందుకోకపోతే మళ్లీ పంపుతుంది, కాసేపాగి మళ్లీ, ఇంకొంచెం ఎక్కువసేపాగి మళ్లీ, ప్రతిసారీ ఎడం పెంచుకుంటూ, మొండిగా, ఒక పావుగంట అటూ ఇటూగా. ఆ తర్వాత చేతులెత్తేస్తుంది. గీత చెరిపేస్తుంది. అడగనంత సేపే ఆ గీతకి ఆయుష్షు. అమ్మ తెర ముందు కూర్చుని ఉంటుంది. అయినా వద్దనుకోలేకపోయాను. చీమలు కళ్ల ముందు తిరుగుతున్నాయి, సున్నాలు తిరుగుతున్నాయి, ఈ భూమ్మీద ఎవరో ఒకరు వాడిని ఒక్కసారైనా అడగాలి, వినడానికి వాడు లేకపోయినా సరే. జిగురు వేళ్లతోనే కొట్టాను. రితూ, ఉన్నవారా? ఎంటర్ మీద వేలు పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. కిటికీ బయట చెట్లు దగ్గరికొచ్చేశాయి, అనంతగిరి అడవి. నొక్కాను. అదే నిమిషంలో ఫోన్ తలమీద సిగ్నల్ గీతలన్నీ పోయాయి.

పోయిందా, పోలేదా? నా మాట ఇల్లు చేరిందా, నా ఫోన్‌లోనే ఇరుక్కుందా? తెర బిగుసుకుపోయింది, ఉలుకూ పలుకూ లేదు. పోకపోతే బాగుండు దేవుడా. పోకుండా చూడు, పద్మనాభస్వామీ, నీ గుట్ట పక్కనే ఉన్నాను. మా వాడు నీ గుట్ట మీదే కూర్చున్నాడు రోజూ, నువ్వైనా అడగలేదు కదా వాడిని? ఎంత ఎండలో కూర్చున్నాడో. టిఫిన్ డబ్బా ఎక్కడ కడుక్కున్నాడో. లోయలో పొద్దుగూకితే ఎంత చీకటి పడుతుందో నాకు తెలుసు, చిన్నప్పుడు కార్తీక మాసంలో అమ్మ తీసుకెళ్లింది, వాడు భయపడి నా ఓణీ పట్టుకునే నడిచాడు, విదిలించుకున్నా వదల్లేదు. ధారూర్ వచ్చింది, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. సిగ్నల్ ఒక గీత వచ్చింది, తెర కదిలింది, నేను రాసిన మాట కనపడింది, దాని కింద ఖాళీ. పోయింది. ఎప్పుడో పోయింది, అడవిలో నేను దేవుడితో పోట్లాడుతున్నప్పుడే ఇల్లు చేరి, ఇంటి నుంచి బయల్దేరి, వాడిని వెతుక్కుంటూ తిరుగుతోంది. ఇప్పుడు మళ్లీ ఒకసారి పంపి ఉంటుంది. మళ్లీ. ఇంకా ఎడంగా మళ్లీ. కిటికీ అవతల కందిచేలు, పసుప్పచ్చ పూత, సాయంత్రపు ఎండ పడి కళ్లు నొప్పెట్టేంత అందంగా ఉన్నాయి, ఈ లోకానికి సిగ్గు లేదు. నేను వాడి హద్దులు మళ్లీ తీశాను. చూస్తున్నంతసేపూ ఉంటుందేమో అనుకున్నాను. ఉంది. మళ్లీ తీశాను. ఉంది. రుక్మాపూర్ బోర్డు వెనక్కి పోతుండగా మళ్లీ తీశాను, అలాంటి ప్రాసెస్ ఏదీ లేదని చెప్పింది.

ఫోన్ మోగింది. ఎత్తడానికి ధైర్యం చాలలేదు, ఎత్తకుండా ఉండటానికీ చాలలేదు.

"బిడ్డా! పోయిందే! పై గీత పోయింది!" అమ్మ గొంతు. ఇన్ని నెలల్లో ఆ గొంతు ఇలా వినలేదు. పెళ్లిలో మాట్లాడినట్టు మాట్లాడుతోంది, ఏడుస్తోంది కూడా. "ఇగో ఇప్పుడే, నా కండ్ల ముందల్నే పోయింది. నీది ఒక్కటే ఉన్నది. బండి యాడున్నదే?"

"రుక్మాపూర్ దాటిందమ్మా" అన్నాను, ఇంకేమనాలో తెలియక.

"గదే! గదే అంటున్న నేను! రుక్మాపూర్ల బంద్ చేసిండు, ఎప్పటి లెక్క. ఎసరు పెట్టిన, బియ్యం గూడ కడిగిన. నీ బండిల్నే ఉన్నడే వాడు. నువ్వు ఏ డబ్బల ఉన్నవ్? లేవు, లేసి జర చూడు."

"అమ్మా..."

"నిద్రపోయిండేమో చూడు బిడ్డా, అలసిపోయి ఉంటడు. తాండూర్ దాటిపోతడు మల్ల. లేపు, తోల్కరా. అన్నం చల్లారుతది."

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. చీమలు, పేపరు, నెమలి, రెండో గడిలో సున్నా, అడిగింది నేనే అమ్మా, చెరిపింది నేనే. ఫోన్‌లోంచి గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు వినపడింది.

"చూస్తున్నమ్మా" అన్నాను.

లేచాను. పెద్దమ్మ కాళ్లు పక్కకి జరుపుకుంది. ఇటు బెంచీలో తల వాల్చి పడుకున్న ఒకాయన ముఖం వంగి చూశాను, కాదు. టోపీ ముఖం మీద పెట్టుకున్న కుర్రాడిని చూశాను, ఏంటక్కా అన్నాడు, ఏం లేదన్నాను. తలుపు దగ్గర నిలబడ్డ వాళ్లని చూశాను. ఈ డబ్బాలో లేడు. తాండూరు ఇంకా రాలేదు. చువ్వలు పట్టుకుని, ఊగుతున్న సందు దాటి, తర్వాతి డబ్బాలోకి వెళ్లాను.